కాన్పు గదిలో చెయ్యి తిరగాలంటే

మర్కూక్ పేరు చెప్తే ఇప్పుడు ఎవరికైనా ముందు నీళ్లే గుర్తొస్తాయి. గోదావరి నీటిని మజిలీ మజిలీగా ఎత్తిపోసుకుంటూ తెచ్చి 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్‌లో నింపే పంపుహౌస్ ఇక్కడే ఉంది. 2020 మే 29న మోటార్లు ఆన్ చేసినప్పుడు రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. అంతకు నాలుగేళ్ల కిందట, 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు పాత మెదక్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చి మర్కూక్ మండల కేంద్రమైంది. ఇన్ని మార్పులు అందరి కళ్ల ముందే జరిగాయి. చప్పుడు లేకుండా జరిగిన మార్పు ఇంకొకటి ఉంది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు ఇల్లు దాటి వెళ్లిపోయింది.

ఇప్పుడు నొప్పులు మొదలైతే ఆశా కార్యకర్తకు ఫోన్ పోతుంది, 102 బండి వస్తుంది, గజ్వేల్ దవాఖానకో సిద్దిపేటకో ప్రయాణం. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్, ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లవాడు పుడితే 12 వేల సాయం, ఇంటికొచ్చి తీసుకెళ్లే బండి, ఇవన్నీ కలిసి సర్కారు దవాఖాన మీద జనానికి నమ్మకం పెంచాయి. దేశంలో తల్లుల మరణాలు తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు 43 మరణాలు. ఆ లెక్కల్లో కేరళ, మహారాష్ట్ర తర్వాతి స్థానం మనదే.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. రాష్ట్రంలో నూటికి 60 మందికి పైగా తల్లులకు పెద్దాపరేషనే అయింది. దేశం మొత్తం మీద ఆ లెక్క 21.5 శాతం. ప్రైవేటు ఆస్పత్రులను విడిగా చూస్తే తెలంగాణలో 80 శాతం దాటింది. జనాభా మొత్తాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు, సిజేరియన్లు 10 శాతం దాటాక వాటిని ఇంకా పెంచినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికి వచ్చి దారికి అడ్డుపడినా, బిడ్డ గుండె తడబడుతున్నా ఆపరేషనే ప్రాణం నిలుపుతుంది. అందులో అనుమానం లేదు. అయితే నూటికి అరవై మంది తెలంగాణ తల్లులకు ఇలాంటి ఆపద వచ్చిందంటే నమ్మడం కష్టం. నొప్పులంటే భయం, ముహూర్తం పిచ్చి, డాక్టర్లకు తీరిక లేకపోవడం, బిల్లు, మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అనే అలవాటు, ఇలా కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. వీటన్నిటి అడుగున అంతగా చర్చకు రాని కారణం ఒకటుంది. నొప్పులు పడుతున్న ఆడమనిషి పక్కన గంటల తరబడి కూర్చుని, చేత్తో చూసి, అంతా సవ్యంగానే నడుస్తోందని ధైర్యంగా చెప్పగల మనిషి కాన్పు గదిలో లేకుండా పోయింది.

ఒకప్పుడు ఆ మనిషి ఉండేది. ఊళ్లో మంత్రసాని. తెలంగాణలో చాలాచోట్ల మంగలి ఇళ్ల ఆడవాళ్లే ఈ పని చేసేవాళ్లు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి చేతిపనిగా వచ్చేది. కూలీ అంటే కొన్ని గింజలు, ఒక చీర. పురుడును అంటుగా చూసిన సమాజం ఆ అంటును తుడిచే మనిషిని కూడా కిందికే చూసింది. ఆమెకు శుభ్రత గురించి ఎవరూ చెప్పలేదు, నెత్తురు ఆగకపోతే ఆమె దగ్గర మందూ లేదు. 1970ల చివర్లో దాయీలకు, అంటే మంత్రసానులకు, శిక్షణ ఇచ్చే పథకాలు నడిచాయి. 2005లో జననీ సురక్ష యోజన వచ్చాక ప్రభుత్వం దృష్టి పూర్తిగా ఆస్పత్రి కాన్పు మీదికి మళ్లింది. మంత్రసానిని పక్కన పెట్టడం తప్పనిసరి కావచ్చు. ఆమెతోపాటు ఆమె చేతిలోని ఓపికను కూడా పక్కన పెట్టేశాం. ఆ ఓపికకు చదువునూ శాస్త్రాన్నీ జోడించి మళ్లీ కాన్పు గదిలోకి తెచ్చే ప్రయత్నమే ఇప్పుడు తెలంగాణలో జరుగుతున్న మిడ్‌వైఫరీ శిక్షణ.

ఈ శిక్షణకు పాదు హైదరాబాద్‌లో పడింది. లెస్లీ, లూర్డ్స్ ఫెర్నాండెజ్ దంపతులు 1948లో బొగ్గులకుంటలో చిన్న ప్రసూతి ఆస్పత్రి పెట్టారు. వాళ్ల కూతురు డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ ఆ ఆస్పత్రిని పెద్దది చేశారు. పెద్దదయ్యే కొద్దీ సిజేరియన్లు కూడా పెరుగుతుండటం ఆమె గమనించారు. బ్రిటన్‌లో, స్వీడన్‌లో మామూలు కాన్పులు మిడ్‌వైఫ్‌ల చేతుల మీదుగా జరుగుతుంటే ఇక్కడ ఎందుకు కావన్న ప్రశ్నతో 2011లో తమ ఆస్పత్రిలోనే మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టారు. ఒక ప్రసూతి వైద్యురాలే ముందుకొచ్చి, మామూలు కాన్పుకు డాక్టర్ కంటే మిడ్‌వైఫే మేలని చెప్పడం వైద్యుల్లో అందరికీ మింగుడుపడే మాట కాదు.

2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో మొదటి ప్రభుత్వ బ్యాచ్‌ను ప్రారంభించాయి. అప్పటికే సర్కారు దవాఖానల్లో పనిచేస్తున్న 30 మంది స్టాఫ్ నర్సులు, పద్దెనిమిది నెలల శిక్షణ. ఈ పని కరీంనగర్‌లో మొదలవడంలో ఒక విడ్డూరం ఉంది. తర్వాతి సర్వేలో ఆ జిల్లాలోనే సిజేరియన్లు 80 శాతం దాటాయి. 2018 డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది, కొత్త హోదాకు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని పేరు పెట్టింది. 2019 నవంబర్‌లో ఈ విద్యను బోధించేవాళ్లను తయారుచేసే మొదటి జాతీయ శిక్షణ సంస్థ కూడా ఫెర్నాండెజ్‌లోనే మొదలైంది.

మూడేళ్ల నర్సింగ్ చదివి, ఎన్నో కాన్పులు చూసిన సిస్టర్‌కు మళ్లీ పద్దెనిమిది నెలలు నేర్పడానికి ఏముంటుంది? చాలానే ఉంటుంది. ఎక్కువ భాగం చేతికి సంబంధించిందే.

పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డను చదవడం మొదటి పాఠం. జర్మనీ వైద్యుడు క్రిస్టియన్ లియోపోల్డ్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో క్రమపరచిన నాలుగు పద్ధతులను నేటికీ అందరూ నేర్చుకుంటారు. ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరచుకోవాలి. చల్లటి చెయ్యి తగిలితే పొట్ట బిగుసుకుంటుంది, ఇక లోపలిదేదీ అందదు. ఒంటికి వెళ్లొచ్చావా అని అడగాలి, మోకాళ్లు కాస్త మడవమనాలి. అప్పుడు రెండు అరచేతులూ గర్భసంచి పై అంచున పెట్టి అక్కడున్నది తలా, పిరుదులా అని చూడాలి. తల గట్టిగా గుండ్రంగా ఉంటుంది, మెల్లగా తడితే ఒక్కటే అటూ ఇటూ ఆడుతుంది. పిరుదులు మెత్తగా ఉంటాయి, కదిలిస్తే ఒళ్లంతా కదులుతుంది. తర్వాత చేతులు పక్కలకు దిగుతాయి. ఒక పక్క నున్నగా, బిగువుగా పొడుగ్గా తగిలేది వీపు. రెండో పక్క ఎగుడుదిగుడుగా తగిలేవి కాళ్లూ చేతులూ. వీపు ఎటుందో తెలిస్తే గుండె చప్పుడు ఎక్కడ వినాలో వెతుక్కునే పని ఉండదు. మూడోసారి ఒకే చేత్తో పొత్తికడుపు దగ్గర పట్టి కింద ఉన్నది తలేనా అని రూఢి చేసుకుంటారు. నాలుగోసారి గర్భిణి పాదాల వైపు తిరిగి నిలబడి, రెండు చేతులూ కిందికి జార్చి, తల ఎంత దిగిందో వేళ్లతో కొలుస్తారు. ఐదు వేళ్ల మేర తల పైనే అందితే ఇంకా దిగలేదని, రెండు వేళ్లకు మించి అందకపోతే కటిలో కుదురుకుందని లెక్క. స్కానింగ్ రిపోర్టు మూడు వారాల కిందటిది అయ్యుంటుంది. చెయ్యి చెప్పేది ఇప్పటి సంగతి.

నొప్పుల బలం కూడా చేతితోనే తెలుస్తుంది. గర్భసంచి పై భాగాన అరచెయ్యి ఆనించి, గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు కదలకుండా ఉండాలి. ఆ పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయి, ఒక్కోటి ఎన్ని సెకన్లు నిలిచింది అని రాసుకోవాలి. బలం కొలిచేందుకు నర్సింగ్ పాఠాల్లో ఒక తేలిక కొలత చెప్తారు. పొట్ట ముక్కు కొనలా నొక్కుకుపోతే చిన్న నొప్పి, గడ్డంలా ఉంటే మధ్యరకం, నుదురులా ఏమాత్రం లొంగకపోతే గట్టి నొప్పి. పరికరం అక్కర్లేదు, ఎవరి ముఖం వాళ్ల దగ్గరే ఉంటుంది. అయితే పది నిమిషాలు ఒక మనిషి మీద చెయ్యి తియ్యకుండా కూర్చోవాలంటే ఆ పది నిమిషాలు సిస్టర్‌కు ఎవరో ఒకరు ఇవ్వాలి. ఒక సిస్టర్ నలుగురు గర్భిణులను ఒకేసారి చూసుకునే గదిలో ఈ పాఠం పుస్తకంలోనే మిగిలిపోతుంది.

చెయ్యి ఎక్కడ వెయ్యాలో నేర్చుకోవడం కంటే ఎక్కడ వెయ్యకూడదో నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటర్ తెరుచుకోవాలన్నది దశాబ్దాలుగా లేబర్ రూముల్లో నడిచిన లెక్క. కాస్త వెనకబడితే నొప్పుల మందు ఎక్కించడం, దాంతో నొప్పులు మరీ ముంచుకొచ్చి బిడ్డ అలసిపోవడం, చివరికి ఆపరేషన్ థియేటర్. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్కను పక్కన పెట్టమంది. ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పుల దశ మొదలైనట్టనీ, తొలిచూలు తల్లికి అక్కడి నుంచి పన్నెండు గంటల దాకా పట్టడం మామూలేననీ, తల్లీబిడ్డా బాగున్నంత కాలం వేగం తక్కువైందని తొందరపడొద్దనీ చెప్పింది. పొట్ట మీద బలంగా నొక్కి బిడ్డను దించడం, అవసరం ఉన్నా లేకున్నా కింద కోత పెట్టి కుట్లు వేయడం వద్దని కూడా అందులోనే ఉంది. మన దవాఖానల్లో ఎంతోమంది అమ్మలకు ఈ రెండూ స్వానుభవమే.

శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ గదిలో ఉంటే అక్కడి తీరు వేరుగా ఉంటుంది. గర్భిణి మంచానికి అతుక్కుపోయి ఉండదు. నడుస్తుంది, గాలి నింపిన పెద్ద బంతి మీద కూర్చుని నడుము తిప్పుతుంది, మోకాళ్ల మీద వంగుతుంది, గొంతుక్కూర్చుంటుంది. మంచినీళ్లు, జావ తాగొచ్చు. తోడుగా అమ్మో, అత్తో, కొన్నిచోట్ల భర్తో ఉంటారు. 2017 చివర్లో కేంద్రం తెచ్చిన లక్ష్య పథకం ప్రభుత్వ కాన్పు గదుల్లోకి తోడు మనిషిని రానివ్వాలని చెప్పింది. "నార్మల్ అయితదా సిస్టర్?" అని ప్రతి పది నిమిషాలకూ అడిగే అత్తకు జవాబు చెప్పడం కూడా పనిలో భాగమే. "ఊపిరి బిగబట్టకు బిడ్డా, మెల్లగ వదులు" అన్న మాటకు ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు. అయితే సరిగ్గా ఎప్పుడు అనాలో తెలియాలి. బిడ్డ తల బయటికి వచ్చే క్షణంలో తల్లి గట్టిగా ముక్కితే చర్మం చిట్లొచ్చు. అక్కడ వేడినీళ్లలో ముంచిన గుడ్డ ఆనించి, చేత్తో తలను మెల్లగా రానిస్తే పెద్ద చిరుగులు పడే అవకాశం తగ్గుతుంది. ఆ సమయాన చెయ్యి ఆనించాలా, ఊరికే సిద్ధంగా పెట్టుకోవాలా అని తేల్చడానికి బ్రిటన్‌లో 1990లలో వేల మంది తల్లులతో ఒక పెద్ద పరిశోధనే చేశారు. చేతిపని అంటే తేలికని అనుకునేవాళ్లు ఆలోచించాల్సిన సంగతి ఇది.

ఇంత నెమ్మదిగా ఉన్న చెయ్యి బిడ్డ బయటపడిన మరుక్షణం నుంచి మెరుపులా పనిచేయాల్సి రావచ్చు. మన దేశంలో తల్లుల ప్రాణాలు తీసే కారణాల్లో కాన్పు తర్వాత నెత్తురు ఆగకపోవడం మొదటిది. అర లీటరు దాటితే ప్రమాదం కిందే లెక్క. కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. చీరలోకి, దూదిలోకి ఇంకినది ఎవరికీ కనిపించదు. అందుకే తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరచడం, హద్దు దాటగానే గర్భసంచిని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్ ఇవ్వడం, చిరుగులున్నాయేమో చూడటం, ఇవన్నీ ఒక్కదాని కోసం ఇంకోదాన్ని ఆపకుండా ఒకేసారి చేయాలని కొత్త పద్ధతి. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో ఈ పద్ధతిని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. అక్కడ ఈ పని చేసినవాళ్లలో ఎక్కువ మంది మిడ్‌వైఫ్‌లే. మెత్తబడిపోయిన గర్భసంచి చేతికింద మళ్లీ బిగుసుకుందా లేదా అన్నది అరచేతికి తెలియాల్సిందే. మానిటర్ మీద ఆ సంగతి కనిపించదు.

ఇక మర్కూక్ లాంటి ఊళ్లో ఇంటర్ బైపీసీ చదివే అమ్మాయి వైపు నుంచి చూద్దాం. మిడ్‌వైఫ్ కావాలనుకుంటే ఆమె దారి పొడుగ్గానే ఉంటుంది. ముందు మూడేళ్ల జీఎన్ఎం గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదవాలి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. కాన్పులు చేసిన అనుభవం సంపాదించాలి. అప్పుడు పద్దెనిమిది నెలల శిక్షణ. లెక్క వేస్తే వయసు పాతిక దాటుతుంది. సరిగ్గా ఆ వయసులోనే ఇంట్లో పెళ్లి మాట గట్టిగా వినిపిస్తుంది. బ్రిటన్‌లో అయితే పద్దెనిమిదేళ్ల అమ్మాయి నర్సింగ్ చదవకుండానే నేరుగా మూడేళ్ల మిడ్‌వైఫరీ డిగ్రీలో చేరొచ్చు. అక్కడి రిజిస్టర్‌లో నర్సుల విభాగం వేరు, మిడ్‌వైఫ్‌ల విభాగం వేరు.

పెళ్లిచూపుల్లో నర్సు ఉద్యోగానికి మంచి గిరాకీ ఉంది. దాంతోపాటే రెండో ప్రశ్న కూడా వస్తుంది, నైట్ డ్యూటీలు ఉంటాయా అని. ఉంటాయి. బిడ్డలు పగలు చూసుకుని పుట్టరు. చాలా సర్కారు దవాఖానల్లో రాత్రి డ్యూటీ అంటే ఎనిమిదింటి నుంచి మర్నాడు ఎనిమిదింటి వరకు. పన్నెండు గంటలు నిలబడి, వంగి, ఒక్కోసారి నేల మీద మోకరిల్లి చేసే పనిలో నడుము ముందు మొరాయిస్తుంది. ఒక కాన్పు చెడిపోతే ఆ రాత్రి మనసులోంచి పోవడానికి చాలా కాలం పడుతుంది. డాక్టర్లకైనా సిస్టర్లకైనా దాని గురించి మాట్లాడుకునే ఏర్పాటు మన ఆస్పత్రుల్లో తక్కువ. ఇంటికొచ్చాక నిద్ర కూడా ఇంట్లోవాళ్ల దయ. పగలు పడుకున్న కోడలిని చూసి పక్కింటివాళ్లు అనే మాటలు వేరే.

అయినా ఈ పనిలోకి వచ్చినవాళ్లను పట్టి ఉంచేది కూడా ఉంది. స్టాఫ్ నర్సుగా డాక్టర్ చెప్పింది చేయడం ఒకటి, మామూలు కాన్పును మొదటి నుంచి చివరి దాకా తన నిర్ణయంతో నడిపించడం ఇంకొకటి. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు డాక్టర్‌ను పిలవాలో తనే తేల్చుకుంటుంది. చదువుకున్న చేతికి ఆ పెత్తనం చిన్న సంగతేమీ కాదు. ఒక ఊరి ఆడవాళ్లు ఏళ్ల తరబడి తన పేరు గుర్తుపెట్టుకునే ఉద్యోగాలు ఈ రోజుల్లో ఎన్ని మిగిలాయి?

ఆ పెత్తనం కాగితం మీద ఉండి గదిలో లేకపోతే మాత్రం ఇదంతా వృథా. శిక్షణ ముగించుకుని వచ్చిన సిస్టర్‌ను ఎముకల వార్డుకో జ్వరాల వార్డుకో వేస్తే ఏడాది తిరక్కముందే చెయ్యి మొద్దుబారుతుంది. డాక్టర్ ఆమె అంచనాను వినకపోతే ఆమె అంచనా వేయడమే మానేస్తుంది. ఈ పనికి ప్రత్యేక కేడర్, ప్రత్యేక ప్రమోషన్ దారి లేకపోతే తెలివైన అమ్మాయిలు ఇంకో దారి చూసుకుంటారు. జర్మనీకి నర్సులను పంపే పని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామే చేస్తోంది. భాష నేర్పి మరీ పంపుతోంది. వెళ్లేవాళ్లను తప్పుపట్టడం ఎందుకు? మెరుగైన జీవితం కోరుకోవడం వాళ్ల హక్కు. వాళ్లను ఇక్కడ నిలుపుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లు వాళ్లకేం ఇస్తున్నారో చూసుకోవాలి. 2023లో పార్లమెంటు 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. చట్టం పేరులోకి మిడ్‌వైఫరీ వచ్చింది. జిల్లా ఆస్పత్రి డ్యూటీ చార్టులోకి కూడా రావాలి.

అన్నిటికంటే ముందు తీర్చాల్సిన అవసరం చాలా మామూలుది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఇవ్వాలంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లలను ఉంచే క్రెష్ ఉండాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలనీ చెప్పింది. రాత్రంతా ఇతరుల బిడ్డలను చేతుల్లోకి తీసుకునే మిడ్‌వైఫ్‌కు ఏడు నెలల బిడ్డ ఇంట్లో ఉంటే, ఆ క్రెష్ రాత్రి ఎనిమిది తర్వాత కూడా తెరిచి ఉండాలి. గజ్వేల్‌లోనైనా సిద్దిపేటలోనైనా కాన్పు గది ఉన్న అంతస్తులోనే ఒక గది, ఒక ఆయమ్మ, రెండు ఊయలలు ఉంటే సరిపోతుంది.